ప్రారబ్ధం: ఎవరు అనొచ్చు, ఎవరిని అనకూడదు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది నెల్లూరు దగ్గర పల్లె. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఇంజనీరింగ్ నుంచీ నాకు ప్రాణస్నేహితుడు ఒకడున్నాడు. పోయిన నెల వాళ్ళ నాన్నగారు బండి మీద ఇంటికొస్తూ, హైవే పక్కన లైట్లు లేకుండా ఆపి ఉంచిన లారీని చీకట్లో గుద్దుకుని చనిపోయారు. నాకు సెలవు దొరకలేదు. వాట్సాప్‌లో "బాధపడకురా, అంతా ప్రారబ్ధం. ముందే రాసిపెట్టి ఉన్నదాన్ని మనమెవరం తప్పించలేం" అని పెట్టాను. గంట తర్వాత "మా నాన్న ఏం పాపం చేశాడ్రా?" అని ఒక్క ముక్క వచ్చింది. అప్పట్నుంచి వాడు నా ఫోనెత్తడం లేదు. మా అమ్మమ్మ పొద్దున లేస్తే ప్రారబ్ధం అంటూనే ఉంటుంది, ఎవరూ నొచ్చుకోగా చూడలేదు. పెద్ద మాట, సందర్భానికి గౌరవంగా ఉంటుందనుకున్నాను. అసలు ఈ మాటకు అర్థమేమిటి? విధి, రాత, ప్రాప్తం, ఇవన్నీ ఒకటేనా? ఇప్పుడు వాడితో ఏమని మాట్లాడాలి? ఇంకో చిన్న సందేహం: రాసేటప్పుడు ప్రారబ్దమా, ప్రారబ్ధమా?

సమాధానం: మీ అమ్మమ్మగారు ఆ మాట ఎవరి గురించి అంటారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మోకాళ్ళు పట్టేస్తే అంటారు. పాలు పొంగిపోతే అంటారు. కొడుకు ఫోన్ చెయ్యకపోతే అంటారు. ప్రతిసారీ ముందు "నా" ఉంటుంది, పైకి అన్నా అనకపోయినా. "నా ప్రారబ్ధం" అని తన నుదురు తాను కొట్టుకునే మనిషిని చూసి ఎవరూ నొచ్చుకోరు. మీరు ఆ మాటను తీసుకెళ్ళి పోయిన మనిషి మీద, అదీ అతని కొడుకు ముందు పెట్టారు. గొడవంతా అక్కడే ఉంది. కానీ అర్థం కూడా అడిగారు కాబట్టి, ఆ వైపు నుంచే వస్తాను.

ముందుగా ఒక సంగతి. "మా నాన్న ఏం పాపం చేశాడు" అన్న మీ మిత్రుడు కోపంలో ఏదో అనేశాడని మీరు అనుకుంటున్నట్టున్నారు. అతను ఆ మాటను మీకంటే సరిగ్గా అర్థం చేసుకున్నాడు. విధి అంటే ఎవరో పైనుంచి విధించినది. అందులో బాధపడ్డవాడి తప్పు ఉందన్న సూచన లేదు. ప్రారబ్ధం అలా కాదు. అది కర్మకు సంబంధించిన మాట. ఎవరు అనుభవిస్తున్నారో వాళ్ళే ఎప్పుడో చేసి ఉండాలి, ఈ జన్మలో కాకపోతే అంతకుముందు. అంటే "మీ నాన్నకు జరిగింది ప్రారబ్ధం" అన్నప్పుడు, ఆ లారీ కింద ఆయన పాత లెక్క ఏదో ఉందని మీరు చెప్పినట్టయింది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. మాటకు మాత్రం ఆ ఉద్దేశం ఉంది.

ఇప్పుడు మాట పుట్టుక. దుకాణం ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్టే చోట మీరు రోజూ చూసే "ప్రారంభం", ఈ "ప్రారబ్ధం" ఒక్క ధాతువు నుంచి వచ్చినవే. ప్ర, ఆ అనే ఉపసర్గలు, రభ్ అనే ధాతువు. ప్రారంభం అంటే మొదలుపెట్టడం, ప్రారబ్ధం అంటే మొదలైపోయినది. అంతే. "ముందే నిర్ణయమైపోయినది" అన్న అర్థం మాటలో లేదు. "ఇప్పటికే నడక మొదలుపెట్టినది" అని మాత్రమే ఉంది. ఈ రెంటికీ చాలా దూరం ఉంది. మీరు వాట్సాప్‌లో "ప్రారబ్ధం", "ముందే రాసిపెట్టి ఉన్నది" అని పక్కపక్కన పెట్టారు చూశారా, అవి రెండు వేర్వేరు ఊళ్ళ మాటలు.

వేదాంతులు కర్మను మూడుగా చెబుతారు. పోగుపడి ఉన్నది సంచితం. ఇప్పుడు చేస్తున్నదీ, దాని ఫలం ఇక ముందు రావలసినదీ ఆగామి. సంచితంలోంచి ఈ జన్మకు ఫలమివ్వడం మొదలుపెట్టిన భాగం ప్రారబ్ధం. దీనికి వాళ్ళు చెప్పే పోలిక విలుకాడిది: అంబులపొదిలో ఉన్న బాణాలు సంచితం, వింట సంధించినది ఆగామి, వదిలేసిన బాణం ప్రారబ్ధం. వదిలిన బాణాన్ని వెనక్కి పిలవలేం, నిజమే. కానీ గమనించండి, మూడింటిలో మన చెయ్యి దాటిపోయింది ఒక్కటే. పొదిలోవీ, వింట ఉన్నదీ ఇంకా అలాగే ఉన్నాయి.

ఈ మాట ఎందుకు అవసరమైందో తెలిస్తే ఇంకా ఆశ్చర్యపోతారు. చావులకు, ప్రమాదాలకు కారణం చెప్పడానికి కాదు. గీత నాలుగో అధ్యాయంలో 37వ శ్లోకం, జ్ఞానమనే అగ్ని కర్మలన్నిటినీ బూడిద చేస్తుందంటుంది. అక్కడ ఒక చిక్కు వచ్చింది. కర్మలన్నీ కాలిపోతే, జ్ఞానం కలిగిన మరుక్షణం ఆ మనిషి శరీరం పడిపోవాలి కదా? మరి జ్ఞానులు ఎలా బతికి ఉన్నారు, శిష్యులకు ఎలా పాఠం చెబుతున్నారు? వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో, నాలుగో అధ్యాయం మొదటి పాదంలో దీనికి జవాబుంది. జ్ఞానం వల్ల నశించేది ఫలమివ్వడం ఇంకా మొదలుపెట్టని కర్మ మాత్రమే, మొదలైనది అనుభవించి తీరాల్సిందే అని. అంటే ఈ మాటను గట్టిగా పట్టుకున్నది ఒక ఇరుకైన శాస్త్రచర్చ. జ్ఞాని ఎందుకు ఇంకా ఊపిరి పీలుస్తున్నాడన్న ప్రశ్నకు సమాధానం అది. వందల ఏళ్ళలో అది అక్కణ్ణుంచి దిగి దిగి మన వంటింటి గట్టు మీదికి, పొంగిపోయిన పాల దగ్గరికి వచ్చింది.

వివేకచూడామణి అనే వేదాంత గ్రంథంలో ఇదే బాణం మళ్ళీ కనిపిస్తుంది. పులి అనుకుని బాణం వదిలాడు, వదిలాక అది ఆవు అని తెలిసింది, తెలిసినంత మాత్రాన బాణం ఆగదు. ఈ పోలిక చాలామందికి తెలుసు. అదే గ్రంథం కొంత దూరం వెళ్ళాక, జ్ఞాని దృష్టిలో ప్రారబ్ధమనేదే లేదు, తెలియనివాళ్ళకు సమాధానం చెప్పడానికి శ్రుతి, అంటే వేదం, ఆ మాట అంటుంది అని కూడా చెబుతుందని చెప్పేవాళ్ళు తక్కువ. ఉపన్యాసాల్లో మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. మొదటి సగంలో కథ ఉంది కదా.

"అంతా ముందే ఖాయం" అని నిజంగా నమ్మినవాళ్ళు మన దేశంలో లేరా అంటే, ఉన్నారు. బుద్ధుడి కాలంలోనే ఉన్న మక్ఖలి గోసాలుడి అనుచరులు, ఆజీవకులు. వాళ్ళ మాట నియతి. మనిషి చేసే ప్రయత్నానికి ఏ ఫలమూ లేదు, నూలు ఉండను విసిరితే దారం అయిపోయేదాకా విచ్చుకుంటూ పోయినట్టు, మూర్ఖుడైనా పండితుడైనా తన తిరుగుడంతా తిరిగే తీరాలి అన్నది వాళ్ళ సిద్ధాంతంగా బౌద్ధ గ్రంథమైన దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తంలో ఉంది. బీహారులో గయకు దగ్గరున్న బరాబర్ కొండల్లో అశోకుడు వీళ్ళకు గుహలు ఇచ్చినట్టు శాసనాలున్నాయి. అంటే చిన్న గుంపేమీ కాదు. బౌద్ధులు, జైనులు, వైదికులు తమలో తాము ఎంత కొట్టుకున్నా, ఈ నియతివాదాన్ని మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఎందుకంటే అన్నీ ఖాయమైతే కర్మ అన్న మాటకే పని లేదు. చేసినదానికి ఫలం అనాలంటే, చేసేవాడికి చేయకుండా ఉండే వీలు ఉండాలి. కాబట్టి "అంతా ముందే రాసి ఉంది, అదే కర్మ సిద్ధాంతం" అని ఎవరైనా మీకు చెబితే, వాళ్ళు తెలియకుండానే గోసాలుడి పక్షాన మాట్లాడుతున్నారు. తమాషా ఏమిటంటే తెలుగులో నియతి అన్న మాట పూర్తిగా పక్కకు తిరిగింది. "ఆయన నియతి గల మనిషి" అంటే వేళ తప్పకుండా, నియమం తప్పకుండా ఉండే మనిషని. ప్రయత్నం దండగ అన్నవాళ్ళ మాట మన దగ్గర క్రమశిక్షణకు పేరైంది.

యోగవాసిష్ఠం ఇంకో అడుగు వేస్తుంది. తెలుగులో మడికి సింగన వాసిష్ఠ రామాయణంగా రాసిన గ్రంథానికి మూలం అదే. ఏమీ చేయబుద్ధి కాక కూర్చున్న రాముడికి వసిష్ఠుడు చెప్పేది: దైవమంటే వేరే ఏదో కాదు, నీ పాత ప్రయత్నమే. పాతదీ కొత్తదీ రెండు పొట్టేళ్ళలా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది. దుఃఖంలో మెత్తబడిన మనసులకు దైవమన్నది ఒక ఊరట మాట, అంతకుమించి ఏమీ లేదు అన్న భావం కూడా ఆ చర్చలోనే వస్తుంది. నాకు ఈ చివరిది ముఖ్యమనిపిస్తుంది. ఊరట మాట అన్నాడు కాబట్టి, ఎవరికి ఊరట అన్నది చూడాలి.

అందుకే ఇక శాస్త్రం వదిలి, మన నోళ్ళలోకి వస్తాను.

తెలుగువాళ్ళం ఈ మాటను సగమే తీసుకున్నాం. సిద్ధాంతం ప్రకారం మంచి ఫలం కూడా ప్రారబ్ధమే. కానీ "నా ప్రారబ్ధం కొద్దీ మంచి సంబంధం కుదిరింది" అని అనగా ఎప్పుడైనా విన్నారా? అంటే పెళ్ళివారు లేచి వెళ్ళిపోతారు. మంచికి మనకు వేరే మాట ఉంది: పూర్వజన్మ సుకృతం. చెడ్డకు ప్రారబ్ధం. ఆ చెడ్డలో కూడా ఎన్నో మెట్లు. "ఇదెక్కడి ప్రారబ్ధం దాపురించింది" అంటే ఒక పీడ, తద్దినం అన్న అర్థం, వేదాంతమేమీ లేదు. "చెప్పాల్సింది చెప్పాను, ఆపైన నీ ప్రారబ్ధం" అంటే ఇక నా పూచీ లేదని చేతులు దులుపుకోవడం. "ప్రారబ్ధం కాకపోతే ఈ వయసులో ఈ చాకిరీ ఏమిటి" అంటే విసుగు, దానితోపాటు కొడుకులకు ఒక చురక. ఇన్నిటిలోనూ రెండో మనిషిని ఉద్దేశించి "నీ ప్రారబ్ధం" అన్నచోట ఓదార్పు ఎక్కడా లేదు, గమనించండి. విసురుగానో వదిలేసినట్టుగానో మాత్రమే ఉంటుంది. మీ మిత్రుడి చెవిలో పడింది ఆ స్వరం.

తనమీద తాను చెప్పుకున్నప్పుడు ఈ మాట ఎంత బాగుంటుందో చూడాలంటే త్యాగరాజస్వామి దగ్గరికి వెళ్ళాలి. స్వరావళి రాగంలో ఆయన కీర్తన ఉంది, "ప్రారబ్ధమిట్టుండగా నొరులనన పనిలేదు నీవుండగా" అని. నా ప్రారబ్ధం ఇలా ఉండగా ఇంకొకరిని అనడానికి లేదు, నువ్వున్నావు కదా అని రాముడితో చెప్పుకోవడం. పల్లవి ఒక్కటే చాలు. ప్రారబ్ధం నాది, నింద ఒరులది కాదు, దిక్కు నువ్వు. ఇంకొకరిని అనకుండా ఉండడానికి వాడిన మాట అది. దాన్నే ఇంకొకరి మీద వేస్తే కీర్తన తలకిందులవుతుంది.

ఇక్కడ మీరు రమణ మహర్షిని గుర్తు చేయవచ్చు, ఎవరో ఒకరు తప్పకుండా చేస్తారు కాబట్టి నేనే చెబుతాను. 1898 డిసెంబరులో తల్లి అళగమ్మ తిరువణ్ణామలై వచ్చి, ఇంటికి రమ్మని రోజుల తరబడి ఏడిస్తే, ఆయన మౌనం వదలకుండా కాగితం మీద రాసి ఇచ్చారు: ఎవరి ప్రారబ్ధాన్ని బట్టి వాళ్ళను కర్త ఆడిస్తాడు, జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదు, జరిగేది ఎంత అడ్డుపడ్డా ఆగదు, ఊరుకోవడమే మంచిది అన్న అర్థంలో. దీనికంటే గట్టిగా "ముందే ఖాయం" అన్నవాళ్ళు అరుదు. నిజమే. కానీ ఆ కాగితం దేని గురించి? తాను ఇంటికి తిరిగి వెళ్ళడం, వెళ్ళకపోవడం గురించి. తన బతుకు గురించి, ఊరంతటికీ కాదు, తన తల్లికి రాసినది. చనిపోయినవాళ్ళ ఇంటికి పంపిన సంతాపం కాదది.

ఇక "ముందే ఖాయం" అన్న మాటను తన తప్పుకు అడ్డం పెట్టుకున్నవాళ్ళలో మొదటివాడు ధృతరాష్ట్రుడు. జూదం వద్దని విదురుడు చెబితే, దైవం అనుకూలిస్తే కలహం రాదు, లోకమంతా విధాత వశంలో నడుస్తోంది, స్వతంత్రం ఎవరికీ లేదు అని చెప్పి, పాండవులను పిలుచుకురమ్మని ఆ విదురుణ్ణే పంపిస్తాడు. అవతల శకుని పాచికలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఆ ఆట ఫలితం ముందే ఖాయమైన మాట వాస్తవం. ఖాయం చేసింది విధాత కాదు, మామా మేనల్లుడూ, శకుని దుర్యోధనులు. యుద్ధంలో కొడుకులు ఒక్కొక్కరే పడిపోతుంటే కూడా ధృతరాష్ట్రుడు దైవాన్నే అంటాడు. సంజయుడు ఊరుకోడు, ఇది నీ అపనయం, నీ తప్పుడు నడత అని ప్రతిసారీ గుర్తు చేస్తాడు. నాకు ఆ సంభాషణల్లో సంజయుడి పట్ల ఉన్న గౌరవం ఇంకెవరి మీదా కలగదు. జీతం తీసుకుంటూ రాజుకు ఆ ముక్క చెప్పడం తేలిక కాదు.

మీ మిత్రుడి నాన్నగారి విషయంలోనూ నన్ను బాధించింది ఇదే. లైట్లు ఆర్పేసి లారీ నిలిపిన మనిషి ఒకడున్నాడు. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని రోడ్డు మీద వదలకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. "అంతా ప్రారబ్ధం" అనగానే ఆ డ్రైవరు, ఆ యజమాని, రాత్రి గస్తీ తిరగాల్సినవాళ్ళు, అందరూ కథలోంచి బయటికి వెళ్ళిపోయారు. మిగిలింది పోయిన మనిషి ఒక్కడే, ఆయన పాత లెక్కలతో. పత్రికల్లో కూడా ఇదే జరుగుతుంది. "విధి వక్రించింది", "విధి చిన్నచూపు చూసింది" అని రాయని ప్రమాదవార్త అరుదు. విధి అంటే మనకు ఇంకో అర్థం కూడా ఉందని రాసేవాళ్ళకు గుర్తుండదు: విధులకు హాజరు కావడం, విధి నిర్వహణ. విధులు ఎవరో సరిగ్గా చేయని చోటే చాలాసార్లు విధి వక్రిస్తుంది.

మీరడిగిన మిగతా మాటలు. విధి గురించి చెప్పాను. అది బలీయం, దానికి కారణం అడగం, మనిషిని తప్పుపట్టదు. రాయడానికి, ఉపన్యాసానికి పనికొస్తుంది గానీ ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు కొంచెం నాటకం ధ్వనిస్తుంది. రాత, తలరాత, నుదుటిరాత, బ్రహ్మరాత ఇంటి మాటలు. బిడ్డ పుట్టిన ఆరోనాటి రాత్రి నొసట రాసిపోతారన్న నమ్మకం దేశంలో చాలాచోట్ల ఉంది, ఆ నమ్మకపు మాటలు ఇవి. రాసింది ఇంకొకరు కాబట్టి, పోయిన మనిషి మీద నింద పడదు. మీరు "రాసిపెట్టి ఉంది" అన్నది ఒక్కటే పంపి ఉంటే మీ మిత్రుడు బహుశా ఇంత నొచ్చుకునేవాడు కాదు. దాని పక్కన ప్రారబ్ధం వచ్చి చెడగొట్టింది.

కర్మ సంగతి వేడుకగా ఉంటుంది. మన నోట్లో అది రెండుగా చీలింది. "నా ఖర్మ", "ఖర్మ కాలి ఇక్కడికొచ్చాను" అన్నప్పుడు ఒత్తి ఖ పలుకుతాం, తలరాత అన్న అర్థం. ఒత్తు లేని కర్మ వ్యాకరణంలో కర్త పక్కన ఉంటుంది, లేదా దినకార్యం: పెద్దకర్మ, కర్మ చేయించడం. ఖ రాయడం సంస్కృతం ప్రకారం తప్పని సరిదిద్దేవాళ్ళున్నారు. నేను దిద్దను. జనం నాలుక ఒక పని పెట్టుకుని రెండు శబ్దాలు చేసుకుంది, ఆ తేడా వల్ల ఉపయోగముంది. చావు ఇంట్లో "కర్మ ఎప్పుడు" అని అడగొచ్చు, "ఖర్మ" అనకూడదు.

తెలంగాణలో "నా గాచారం" అంటారు, గ్రహచారం అరిగి అలా అయింది. తప్పు గ్రహాలదే, మనిషిది కాదు. అక్కడే నసీబు, కిస్మత్ కూడా నడుస్తాయి. రెండూ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవి, రెండిటికీ మూలంలో వాటా, పంపకం అన్న అర్థం. "నసీబ్ల లేదు" అంటే నా వంతుకు రాలేదని. అదృష్టానికి అసలు అర్థం కంటికి కనబడనిది అని మాత్రమే, మంచీ చెడూ రెండూ. మనం మంచిని దానికి ఉంచేసి, చెడ్డకు దురదృష్టం అంటున్నాం.

ప్రాప్తం మాత్రం మెత్తని మాట. "ఆఖరిచూపు చూసుకునే ప్రాప్తం లేకపోయింది", "మనవణ్ణి ఎత్తుకునే ప్రాప్తం ఆయనకు లేదు" అంటారు. దొరికింది, దొరకలేదు అన్నంతే, ఎందుకన్న తీర్పు లేదు. రుణం కూడా అలాంటిదే. "మనతో ఆయన రుణం అంతవరకే" అని ఇంటి పెద్దలు అంటుంటారు. ఎవరూ ఎవరినీ తప్పుపట్టకుండా, ఉన్న బంధాన్ని ఒప్పుకుంటూ అనే మాట. అయినా ఇవి ఆ ఇంట్లోవాళ్ళు అనాల్సినవి. మేనత్తో, పెద్దనాన్నో, పక్కన కూర్చుని కన్నీళ్ళు తుడుచుకుంటూ అంటే సరిపోతుంది. వాళ్ళు కూడా పోగొట్టుకున్నవాళ్ళే కాబట్టి. దూరాన ఉన్న స్నేహితుడు ఫోన్‌లో టైపు చేస్తే ఆ మెత్తదనం రాదు. ఆ ఇంట్లోవాళ్ళే ఎవరైనా మీతో "మా ప్రారబ్ధం బాబూ" అంటే, అవునండీ అనకండి, కాదండీ అని వాదించనూ వద్దు. ఊరికే వినండి.

మీ అమ్మమ్మగారి చేత ఈ మాట మాన్పించాలని మాత్రం చూడకండి. ఆవిడకు అది పని చేస్తోంది. కొడుకు ఫోన్ చెయ్యలేదని కొడుకును తిట్టకుండా, తనను తాను కూడా మరీ తిట్టుకోకుండా, మధ్యలో ఒక మాట మీద పెట్టి ఆ పూట గడిపేస్తున్నారు. వసిష్ఠుడన్న ఊరట అదే. అప్పుడప్పుడూ మీరు ఫోన్ చేస్తే ఆ మాట వాడకం కొంత తగ్గుతుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు మీ మిత్రుడు. నేను పైన రాసిందంతా అతనికి పంపకండి. బ్రహ్మసూత్రాలతో క్షమాపణ చెప్పినవాణ్ణి ఎవరూ క్షమించరు. "నా ఉద్దేశం అది కాదురా" అని కూడా మొదలుపెట్టొద్దు, అది మిమ్మల్ని మీరు సమర్థించుకోవడం. మూడు ముక్కలు చాలు: "ఆ రోజు నేను అన్నమాట తప్పు. నాన్నగారి గురించి అలా అనకూడదు. ఈ శనివారం ఇంటికొస్తున్నాను." ఆయనతో మీకు ఏదైనా జ్ఞాపకం ఉంటే, హాస్టల్‌కు ఎప్పుడైనా వచ్చి ఉంటే, మీకేదైనా తినిపించి ఉంటే, అది ఒక్క వాక్యం రాయండి. పోయినవాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళకు తెలియని చిన్న సంగతి ఒకటి వినడం ఎంత కావాలనిపిస్తుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. తిరిగి జవాబు రాకపోయినా వెళ్ళండి.

శనివారం అన్నాను, కానీ ముందు మీ అమ్మగారిని అడగండి. కొన్ని ఇళ్ళల్లో పలకరింపుకు ఫలానా వారాలు పనికిరావన్న పట్టింపు ఉంటుంది. మొదటి మాసికం దగ్గరలో ఉంటే ఆ రోజు ఇంటినిండా జనం ఉంటారు, మీకు మాట్లాడే వీలు దొరకదు. ముందో వెనకో వెళ్ళండి. వాళ్ళ అమ్మగారి దగ్గర ముందు కూర్చోండి. "ఎలా జరిగింది" అని మళ్ళీ మొదటినుంచీ చెప్పించకండి, ఇప్పటికే వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఉంటారు. బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తాను" అనరు అక్కడ, చెప్పకుండానే లేస్తారు. మీ వయసువాళ్ళకు ఇది తెలియకపోవచ్చు, నలుగురిలో అనేసి ఇబ్బంది పడతారని చెబుతున్నాను.

ఓదార్పు కంటే మీరు నిజంగా చేయగలిగిన పని ఒకటుంది. మోటారు ప్రమాదాల పరిహారం కోసం కుటుంబం ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేసుకోవాలి. చట్టానికి చేసిన సవరణ ప్రకారం 2022 ఏప్రిల్ నుంచి దీనికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు ఉంది. ఒక నెల అయిపోయింది. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, వాళ్ళు ఉంటున్న ఊరి పరిధిలో ఉన్న ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, లారీ బీమా వివరాలు, నాన్నగారి ఆదాయానికి ఆధారాలు, ఇవన్నీ తిరిగి తిరిగి సంపాదించాలి. మీ మిత్రుడు ఇప్పుడు ఆ తిరుగుడు తిరిగే స్థితిలో ఉండడు. మీరు బెంగళూరు నుంచే సగం పని చేసిపెట్టొచ్చు. మంచి వకీలును వెతకడం, కాగితాల జాబితా రాయడం, పోలీస్ స్టేషన్‌కు ఒకసారి తోడు వెళ్ళడం. లారీకి వెనక దీపాలు వెలుగుతున్నాయా, హెచ్చరిక గుర్తులేమైనా పెట్టారా అన్నది అక్కడ తేల్చే విషయాలు. బీమా కంపెనీ వకీలు ఎన్ని వాదనలైనా తెస్తాడు, నాన్నగారే వేగంగా వచ్చారంటాడు, హెల్మెట్ లేదంటాడు. ప్రారబ్ధం అన్న వాదన మాత్రం ఆయన కూడా తేడు.

చివరగా మీ చిన్న సందేహం. ప్రారబ్ధం, ద కింద ఒత్తు ఉండాలి, అంటే ధ. లబ్ధి, లుబ్ధుడు, క్షుబ్ధం, స్తబ్ధం, అన్నీ ఒకే కుదురు: ధాతువు చివర భకారం ఉన్నచోట అలా వస్తుంది. శబ్దానికి మాత్రం ఒత్తు లేదు, దాన్ని చూసి దీన్ని కూడా "ప్రారబ్దం" అని రాసేస్తుంటారు.